అభ్యంతరాలున్నవారు

జూన్ 12

కోపం వస్తే మనిషి మీద చూపించకురా, కాగితం మీద పెట్టు అని అక్క ఈ నోటుబుక్కు కొనిచ్చి ఏడాదైంది. ఇన్నాళ్ళూ తెల్లగానే ఉంది. ఇవాళ తెరవాల్సి వచ్చింది.

అక్క ఇంటి ప్లాను వెనక్కి వచ్చింది. అరవై రోజులు మున్సిపల్ ఆఫీసులో పడి ఉన్న ఫైలు. దాని మీద ఒకే ఒక్క వాక్యం: "సదరు ప్లాటు ప్రతిపాదిత ఉద్యాన జోన్‌లో ఉన్నందున అనుమతి నిరాకరించడమైనది." ఉద్యానమట! నిన్నటిదాకా ఇళ్ళు కట్టుకోవడానికే ఇచ్చిన స్థలం అది. ఇక మీదట అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. మొక్కలు మాత్రం వేసుకోవచ్చు, వాటికి అద్దె ఇల్లు అక్కర్లేదు కదా.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి మార్చిలో రిటైరైంది. ఉన్నదల్లా ఆ ఇరుకు ప్లాటే. అద్దె ఇంటి ఓనరు ఆగస్టు ఆఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు, వాళ్ళబ్బాయి పెళ్ళి చేసుకుని వస్తున్నాడట. రెండు గదులు, ఒక వరండా, గుమ్మానికి మెట్టనేది లేకుండా గీయించుకుంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. నా గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. పండక్కీ పబ్బానికీ కూడా ఎక్కి రాలేదు, ఇక కాపురం ఏం చేస్తుంది.

ఫైలు నా చేతికిచ్చి, "కొంచెం చదివి చెప్పరా, నాకేదో తప్పు అర్థమైనట్టుంది" అంది. తప్పేమీ కాదు. సరిగ్గానే అర్థమైంది.

జూన్ 13

ఇవాళ రాయను. రాస్తే కాగితం చిరుగుతుంది.

జూన్ 15

సెలవు పెట్టి ఆ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో గుమస్తా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కూర్చున్నాడు. ఆ కళ్ళజోడు కళ్ళ మీదకి దిగడం నేనున్న రెండు గంటల్లోనూ చూడలేదు.

"నోటీసు ఇచ్చాం కదండీ" అన్నాడు.

"ఎవరికిచ్చారు?"

"అందరికీ."

"మా అక్కకి ఇచ్చారా?"

"అందరిలో ఆవిడా ఉంటారు కదండీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు, ఈ పుస్తకం గుర్తుచేసుకున్నాను. ఏ రకంగా ఇచ్చారో చూపించమన్నాను. వెనక వరండాలోకి పొమ్మని చెయ్యి ఊపాడు. అక్కడ సిబ్బంది బళ్ళు పెట్టుకునే చోట, గోడకి ఒక అద్దాల పెట్టె. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. లోపల మా నోటీసు మీద ఇంకో రెండు కాగితాలు గుచ్చారు. కింద ఒక్క వరస మాత్రం కనిపిస్తోంది: "అభ్యంతరాలున్నవారు ముప్పై రోజుల్లోగా". ఏం అభ్యంతరమో, దేని మీదో, ఎవరికో, అదంతా పై కాగితాల కింద.

ఇక ఉత్తరం సంగతి. రిజిస్టరు పోస్టులో పంపారట, కవరు తిరిగొచ్చిందట. తీసి చూపించాడు. అక్క పేరు, కింద ప్లాటు నంబరు, అంతే. రికార్డులో ఉన్న చిరునామా అదేనట. అంటే ఖాళీ స్థలానికి ఉత్తరం రాశారు. కవరు వెనక పోస్టుమాన్ రాసింది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తలుపు వేసి ఉంది." మూడు తేదీలు వేసి మూడుసార్లు రాశాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, మధ్యలో ముళ్ళకంప. మూడు రోజులూ వరసగా దాని తలుపు వేసే ఉందట.

గడువు ఎప్పటికని అడిగాను. జూన్ ఎనిమిదితో అయిపోయింది. ఫైలు మా చేతికి వచ్చింది పన్నెండున. ఎంత లెక్కగా పనిచేస్తారో ఒప్పుకుని తీరాలి.

జూన్ 16

అక్క పక్క ప్లాటు టైలరుది. కూతురి కోసం కొని ఉంచాడు. విషయం చెబితే కుట్టు మధ్యలో ఆపి, టేపు మెళ్ళో వేసుకుని అలాగే నా వెంట వచ్చేశాడు. స్థలంలో బోర్డు పాతాలని కూడా నిబంధన ఉందట, అది ఎక్కడుందో వెతికాం. ఉంది. రోడ్డు వైపు కాదు, వెనక మురుగుకాలువ వైపు మొహం పెట్టి ఉంది. కాలువలో దిగితే తప్ప చదవడం కుదరదు. టైలరు చెప్పులు విడిచి దిగాడు. మొన్నటి వానకి కాగితం తెల్లగా కడిగేసినట్టు అయిపోయింది, నాలుగు మేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

"ఇది కప్పల కోసం పెట్టారన్నా" అన్నాడు పైకొస్తూ.

మొత్తం తొమ్మిది ప్లాట్లు. సాయంత్రం అందరినీ అక్క ముందుగదిలో కూర్చోబెట్టాం. కిరాణా కొట్టావిడ, లెక్కల మాస్టారు, బస్సు డ్రైవరు, మిగతావాళ్ళు. ఒక్కరికంటే ఒక్కరికీ తెలియదు. నేను లేచి మాట్లాడాను. మన నేల గురించి మనకి చెప్పకుండా తేల్చేశారు, చెప్పామని రాసుకుని చేతులు దులుపుకున్నారు, చెప్పడం వేరు చెప్పినట్టు కాగితం పుట్టించడం వేరు అన్నాను. నాకే తెలియనంత బాగా వచ్చింది. కొట్టావిడ కళ్ళు తుడుచుకుంది. పత్రికలో పనిచేసే మనిషి మన మధ్య ఉండటం మన అదృష్టం అన్నారు మాస్టారు. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. నా వైపు చూసిన చూపులో ఎంత గర్వమో.

జూన్ 18

పత్రికలో పనిచేసే మనిషి! ఇరవై రెండేళ్ళుగా పదకొండో పేజీ పెడుతున్నాను. వేలం ప్రకటనలు, టెండర్లు, పేరు మార్పులు, పోయిన సర్టిఫికెట్లు, వీటిని చోటుకి సరిపడా అమర్చడమే పని. మధ్యాహ్నం మూడింటికి మ్యాటర్ వస్తుంది, నాలుగింటికి పేజీ వెళ్ళిపోవాలి. మా పత్రిక ఊళ్ళో ఎంతమంది కొంటారో నాకు తెలుసు, చెప్పుకుంటే సిగ్గు. అక్కకి నా కాపీ ఇస్తాను. మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా చదువుతుంది, పదకొండు తప్ప. "అది నువ్వు పెట్టిందేగా, తప్పులుండవులే" అంటుంది.

ప్రకటనల మేనేజరుని అడిగాను, మా ప్లాట్ల మీద ఒక వార్త వేయించమని. ఆయన్ని అందరం సెంటీమీటరు అంటాం. ఎదుటి మనిషిని కూడా ప్రకటన కొలిచినట్టు ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వస్తాడా అని చూస్తాడు. ఆ ఆఫీసు ప్రకటనలు మానేస్తే మనందరం ఇళ్ళకి పోవాలయ్యా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది కుటుంబాలు సార్ అన్నాను. ఏ ప్లాట్లు అని అడిగాడు. చెప్పాను. కాసేపు స్కేలు తిప్పుతూ కూర్చుని, ఫోను వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు. పిరికివాడు.

జూన్ 20

ప్లానింగ్ ఆఫీసరుని కలవడానికి మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాం, నేనూ టైలరూ. నా వయసే ఉంటుంది ఆవిడకి. మర్యాదగానే కూర్చోమంది. ఫైలు తెరిచి ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. తిరిగొచ్చిన కవర్లు. అద్దాల పెట్టె ఫోటో. మేకులతో సహా బోర్డు ఫోటో, అప్పటికింకా వాన పడలేదు. అన్నిటికీ తేదీలు, సంతకాలు.

ఇవేవీ లేకపోయినా చట్టప్రకారం రెండు పత్రికల్లో వేస్తే చాలండి, మే తొమ్మిదిన వేశాం, గడువు అప్పటి నుంచే మొదలు అంది. రెండు కత్తిరింపులు మా ముందుకి జరిపింది. ఒకటి ఎక్కడో వేరే ఎడిషన్‌లో వచ్చింది. టైలరు దాని మీద విరుచుకుపడ్డాడు. అరిచాడు, బల్ల మీద కొట్టాడు. నేను మిగిలినదాన్ని దగ్గరికి లాక్కున్నాను.

రెండోది మా పత్రికది.

బయటికొచ్చాక టైలరు అడిగాడు, అదేంటన్నా మాట్లాడలేదని. తలనొప్పి అన్నాను. మా ఆఫీసులో ఇంకా ఇద్దరున్నారు పేజీలు పెట్టేవాళ్ళు. మే తొమ్మిది కాపీ అంటే ఎనిమిదో తేదీ పని. ఆ వారం నాకు జ్వరం. సెలవులో ఉన్నట్టే గుర్తు.

జూన్ 21

మే ఎనిమిదిన నేను సెలవులో లేను.

జూన్ 22

సరే. రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

మ్యాటర్ మూడూ ఇరవైకి వచ్చింది. ఆ ఆఫీసు కొన్నది రెండు కాలమ్‌ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు. వచ్చిన మ్యాటర్‌కి పదహారు కావాలి. తొమ్మిది ప్లాట్ల నంబర్లు, యజమానుల పేర్లు, హద్దులు, దానితోపాటు ఒక మ్యాపు. సెంటీమీటరుని అడిగితే తల ఎత్తకుండా, "మ్యాపు తీసెయ్, అక్షరాలు నలిపెయ్" అన్నాడు. తీసేశాను, నలిపేశాను. పేర్లు ఒకదాని కింద ఒకటి రావాల్సినవి కామాలు పెట్టి ఒకే పేరాగా పోసేశాను. అక్షరం సైజు ఆరు పాయింట్లకి దించాను. భూతద్దం పెట్టినా కష్టమే. మ్యాటర్ కాగితం మీద మ్యాపుకి అడ్డంగా పెన్సిల్‌తో ఇంటూ కొట్టి, పక్కన "వద్దు, చోటు లేదు" అని రాశాను. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా పేజీ వెళ్ళిపోయింది. టీ తాగాను.

అక్క పేరు ఏడో వరసలో ఉంది. వరస చివర పట్టక సగం కిందకి దిగింది. ఆ విరుపు బాగా లేదని రెండు నిమిషాలు దానితో కుస్తీ పట్టాను కూడా. అంటే చూశాను. అక్షరం అక్షరం చూశాను. నా తోబుట్టువు పేరు నా చేత్తో రెండు ముక్కలు చేసి, ఆ రెండు ముక్కలూ సరిగ్గా కూర్చున్నాయా లేదా అని చూసుకున్నాను. ఎవరి పేరో చూడలేదు.

పేజీ పెట్టేవాడు చదవడు. చదివితే నాలుగింటికి పేజీ వెళ్ళదు. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. తప్పు చోటు కొన్నవాళ్ళది, పది సెంటీమీటర్లు ఎందుకు కొన్నారు? సెంటీమీటరుది. మూడూ ఇరవైకి పంపినవాడిది. ఆ గుమస్తాది. ప్రతిరోజూ పత్రిక చదువుతూ ఒక్క పేజీ వదిలేసే అక్కది కాదా?

ఆఖరి మాట రాయకుండా ఉండాల్సింది. కొట్టెయ్యను. ఉండనీ.

జూన్ 24

టైలరు ఒక లాయరుని పట్టుకొచ్చాడు, నోటరీ ముద్రలు వేసుకుంటూ కోర్టు మెట్ల కింద కూర్చునే ముసలాయన. అక్క ముందుగదిలో కుర్చీ నిండా కూర్చుని కత్తిరింపు నకలు అటూ ఇటూ తిప్పాడు. నిబంధన ప్రకారం మ్యాపు కూడా అచ్చు కావాలి, ఇందులో లేదే అన్నాడు. గది మొత్తం లేచి నిలబడింది. ఆగండి, మ్యాపు తప్పనిసరి కాదు, మేము పంపినట్టే వచ్చిందని ఆఫీసువాళ్ళు బుకాయిస్తారు అన్నాడు. ఆఫీసు పంపిన అసలు కాగితం, పత్రికలో వచ్చింది, రెండూ వేరని తేలితే ఆ ప్రకటన చెల్లదు. ముప్పై రోజులూ మళ్ళీ మొదలవుతాయి. అప్పుడు అందరం అభ్యంతరం రాసి ఇవ్వచ్చు, అక్క ఫైలుకి మళ్ళీ ప్రాణం వస్తుంది. జూలై నాలుగున మన అర్జీ మీద కమిషనర్ ముందు విచారణ ఉంది, ఆ లోపు అసలు కాగితం కావాలి.

"అది పత్రికవాళ్ళ దగ్గరే ఉంటుంది" అని ముగించాడు.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. చూస్తానన్నాను. కొట్టావిడ నా చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఆ చేత్తోనే ఇంటూ కొట్టానమ్మా అని అనలేకపోయాను.

జూన్ 25

కాగితం దొరికింది. ప్రకటనల మూలాలు ఆరు నెలలు ఫైల్లో ఉంచుతాం. మ్యాపు, దాని మీద ఇంటూ, పక్కన నా రాత. నా రాత ఎవరైనా గుర్తుపడతారు.

సెంటీమీటరు చూశాడు. తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగానే మాట్లాడాడు. ఆ కాగితం గడప దాటితే నువ్వూ దాటినట్టే అన్నాడు. మ్యాపు తీసెయ్యమంది మీరే కదా సార్ అన్నాను. నేనన్నట్టు ఎక్కడైనా రాసుందా అన్నాడు. లేదు. రాసున్నది నాదే. ఆ తర్వాత అడిగాడు, మీ అక్కయ్యగారికి తెలుసా ఆ పేజీ పెట్టిందెవరో అని. కాలర్ పట్టుకునేవాణ్ణే. పట్టుకోలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆయన ఆపలేదు.

జూన్ 26

అక్కకి చెప్పేశాను.

మొహం చూస్తూ చెప్పలేక ఉత్తరం రాశాను. మూడు పేజీలు, ఏదీ దాచలేదు. అక్క కళ్ళాసుపత్రికి వెళ్ళిన టైములో నా దగ్గరున్న తాళంచెవితో తీసి, కవరు బల్ల మీద పెట్టాను. గాలికి ఎగిరిపోకుండా పైన ఇవాళ్టి పేపరు పెట్టాను. గుండె మీద నుంచి బండ దించినట్టుంది. ఇక అక్క ఇష్టం.

జూన్ 27

అక్క ఏమీ అనలేదు. టీ ఇచ్చింది, పంచదార ఎక్కువే వేసింది.

జూన్ 29

ఇవాళ కూడా అనలేదు. విచారణకి ఏ చీర కట్టుకోవాలో అడిగింది. అక్క మనసు అలాంటిది. చిన్నప్పుడు అమ్మ పోయాక నన్ను పెంచింది తనే, ఎన్ని తప్పులు చూసీ చూడనట్టు వదిలేసిందో. కొన్ని మాటలు మాట్లాడకపోవడమే మంచిదని తనకి తెలుసు. నేనూ ఎత్తను.

విచారణలో ఏం చెప్పాలో రాసుకున్నాను. "పత్రికా సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని మొదలుపెడితే బాగుంటుంది. ఆ కాగితం ఎలా దొరికిందని అడిగితే ఫైల్లో దొరికిందని చెబుతాను. అది నిజమే. నా పేరు అవసరం రాకపోవచ్చు.

జూలై 1

పాత పేపర్లవాడు వచ్చాడు. అక్క నన్ను పేపర్లు కట్టలు కట్టమంది. కడుతుంటే నెలాఖరు పేపర్ల మధ్య నుంచి తెల్లగా ఒక అంచు కనిపించింది. నా కవరు. అంటించింది అంటించినట్టే ఉంది. ఆ రోజు కళ్ళల్లో మందు వేయించుకుని వచ్చింది, చూపు మసక. బల్ల సర్దుతూ పేపరుతో పాటు తీసి దొంతరలో పెట్టేసింది.

ఐదు రోజులు. ఐదు రోజుల నుంచి నన్ను క్షమించిందనుకుని తన చేతి టీ తాగుతున్నాను.

ఇంకో సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ పుస్తకం ఎందుకు. తాడు బిగించాను. కవరు లోపలే ఉంది. పేపర్లవాడు కాటా పట్టుకుని నిలబడ్డాడు. పోనీ అనుకున్నాను. నేను రాశాను, ఇంట్లో పెట్టాను, చూసుకోకపోతే నా తప్పా అనుకున్నాను. అక్షరాలా అదే మాట. ఆ గుమస్తా కౌంటర్లో కూర్చుని నాతో అన్న మాటకీ దీనికీ ఏం తేడా లేదు. వాణ్ణి తిట్టి ఈ పుస్తకంలో ఎన్ని పేజీలు నింపానో.

తాడు విప్పి కవరు తీశాను. పేపర్లవాణ్ణి రేపు రమ్మన్నాను. అక్క ఏంట్రా అంది. కూర్చోమన్నాను.

"ఆ నోటీసు మా పేపర్లో వచ్చింది కదక్కా. ఆ పేజీ పెట్టింది నేనే. మ్యాపు తీసేసింది నేనే. నీ పేరు నా చేతుల మీదుగానే వెళ్ళింది, నేను చదవలేదు."

అక్క కవరు చూసి అదేంటంది. ఇదే విషయం రాసి ఇరవై ఆరున బల్ల మీద పెట్టానన్నాను. కవరు తీసుకుని రెండు వైపులా చూసింది. తెరవలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు వార్డులో చేశానురా. మనిషి పోతే బయట బెంచీ మీద ఉన్నవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళేదాన్ని. ఒకసారి కూడా బోర్డు మీద రాసిపెట్టి చెప్పేశాననుకోలేదు. కాళ్ళు వణికేవి. అయినా వెళ్ళేదాన్ని."

నేను తల దించుకున్నాను.

"పేజీ సంగతి సరే, పనిలో జరిగింది. ఈ కవరు పనిలో జరిగింది కాదు" అంది. కోప్పడితే బాగుండేది. వార్డులో మాట్లాడే గొంతుతో మాట్లాడింది. మిగతా ఎనిమిది మందికీ వెళ్ళి చెప్పమంది. ఇక్కడ కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి కాదు, ఒక్కొక్కరి గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పాలి. తనని వెంట రమ్మనొద్దంది. ఇంటి తాళంచెవి కూడా అక్కడే పెట్టి వెళ్ళమంది.

పెట్టి వచ్చాను.

జూలై 2

టైలరు మిషను ఆపలేదు. చివరిదాకా విని, సరే అన్నా, జాకెట్టు అర్జంటు అన్నాడు. అన్నా అన్నాడు గానీ తలెత్తలేదు.

కొట్టావిడ తిట్టింది. ఆ రోజు నీ మాటలకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానే, సిగ్గు లేదటయ్యా నీకు అంది. సరుకులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడి విన్నారు. డ్రైవరు కొట్టడానికి వచ్చి వాళ్ళావిడ అడ్డం పడితే ఆగాడు. మాస్టారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఇంకెప్పుడూ మా ఇంటికి రాకండి అన్నారు. అందరికంటే అదే ఎక్కువ తగిలింది.

ఏడో ఆయన ఇంట్లో లేడు. మూడుసార్లు వెళ్ళాను.

జూలై 3

ఏడో ఆయన పొద్దున్నే దొరికాడు. ఎనిమిది ఇళ్ళూ అయ్యాయి.

ఆఫీసులో నా కుర్చీ మీద ఎవరో సంచీ పెట్టారు. సెంటీమీటరు నా బల్ల సొరుగు తాళం అడిగాడు. ఇచ్చేశాను. ఇరవై రెండేళ్ళు. పదకొండో పేజీ నాలుగింటికే వెళ్ళిపోయిందట, నేను లేకపోయినా.

జూలై 4

విచారణ. కమిషనర్ మధ్యలో, పక్కన ప్లానింగ్ ఆఫీసరు, చివర్న కళ్ళజోడు గుమస్తా రాసుకుంటూ. మా వాళ్ళు ఎనిమిది మందీ ఒక వైపు, అక్క వాళ్ళ మధ్యలో. నేను గోడ దగ్గర నిలబడ్డాను. పక్కన ఖాళీ కుర్చీ ఉంది, ఎవరూ కూర్చోమనలేదు.

లాయరు నేనిచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు పైకి తీసి చూసింది. తను పంపిన మ్యాపే. మొహం ఎర్రబడింది, మొదటిసారి ఆవిడకి కోపం రావడం చూశాను. దీని మీద ఇంటూ కొట్టిందెవరని అడిగింది. నేనేనన్నాను. ఈ రాత ఎవరిదంది. నాదేనన్నాను. "పత్రికా సిబ్బంది" అని రాసుకున్న కాగితం జేబులోనే ఉంది, తియ్యలేదు.

"వేసే ముందు చదవలేదా?"

"చదవలేదు మేడమ్. మీరు అచ్చైన తర్వాత చదివారా?"

ఆవిడ ఫైల్లోకి చూసింది. కమిషనర్ కత్తిరింపు కళ్ళ దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని, చివరికి పక్కన పెట్టేశాడు. ఇది ఎవరికి కనిపిస్తుందయ్యా అన్నాడు. అతనెవరిని అడిగాడో తెలియదు.

ప్రకటన చెల్లదన్నాడు. మళ్ళీ మొదటి నుంచీ ఇవ్వాలి, ముప్పై రోజులూ కొత్తగా. జోన్ మారుస్తారో లేదో ఆ తర్వాతి మాట. గెలిచామని కాదు. అభ్యంతరం చెప్పుకునే హక్కు తిరిగొచ్చింది, అంతే. డ్రైవరు గట్టిగా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

కొత్త నోటీసులు ఈసారి సరైన చిరునామాలకి పంపాలని గుమస్తా ఒక్కొక్కరినీ పిలిచి రాసుకున్నాడు. కళ్ళజోడు కళ్ళ మీద ఉంది. సెప్టెంబరులో వస్తాయండి, అప్పుడు ఎక్కడుంటారో ఆ చిరునామా చెప్పండి అంటున్నాడు. అక్క వంతు వచ్చింది. సెప్టెంబరుకి ఆ అద్దె ఇల్లు ఉండదు. అక్క కర్ర మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. నా వైపు చూడలేదు. నా వీధి పేరు చెప్పింది, తలుపు నంబరు చెప్పింది, మూడో అంతస్తు అంది.

ఎవరి ఇల్లని అడిగాడు గుమస్తా.

"మా తమ్ముడిది" అంది అక్క. "కానీ ఉత్తరం వాడి చేతికివ్వద్దు బాబూ. ఎన్నిసార్లు ఎక్కాల్సి వచ్చినా సరే, నా చేతికే ఇవ్వమని రాయి."

గుమస్తా తలెత్తి నన్ను ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని అలాగే రాసుకున్నాడు.